దద్దుర్లకు జోస్యం చెప్పవచ్చునా?
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్ల పండుగనాడు పాఠశాల ప్రగతిని వివరించడం ఆనవాయితీ. ఆ వివరాలు ఈ సంచికలో వేరుగా ఉన్నవి. నేను నా పొరపాటు ఒకటి చెప్పుకొని, దానినుంచి నేర్చిన పాఠాన్ని మీ ముందుంచుతాను.

ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో నా తరగతిలో ఒక బాలికకు నెలల తరబడి ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవి. అవి ఇతరులకు అంటుకొంటాయని భయపడి ఆమెను వెనుక బల్లపై ఒంటరిగా కూర్చోబెట్టాను. వంకాయ, చేప, వేరుసెనగ మాన్పించమని తల్లికి చెప్పాను. అన్నీ మాన్పించినా దద్దుర్లు మానలేదు. ఒకనాడు ఆ తల్లి వచ్చి, "టీచరమ్మా, దురదను అది ఓర్చుకుంటుంది, ఒంటరి బల్లను ఓర్చుకోలేకున్నది" అన్నది. ఆ మాట నేటికీ నా చెవులలో ఉన్నది.

ఆరు వారాలకు మించి దద్దుర్లు వస్తూ పోతూ ఉంటే దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. మన ఆయుర్వేదం శీతపిత్తమని పేరిడినదీ దద్దుర్ల జబ్బునే. ఇది అంటువ్యాధి కాదు. కారణం తెలియకుండా తమంత తామే వచ్చే దీర్ఘకాలిక దద్దుర్లకు పెక్కుమందిలో ఆహారమూ మూలం కాదు. చర్మంలోని మాస్ట్ కణాలు అకారణంగా రెచ్చి హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేయడమే మూలం.

ఆ కణాలను రెచ్చగొట్టే వాటిలో ఐజీఈ అనే ప్రతిరక్షకం ఒకటి. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు దాని ఉనికిని కనుగొన్నారు. స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రజ్ఞులు వేరుగా అదే పదార్థాన్ని చేరుకొన్నారు. 1968లో దానికి ఈ పేరు స్థిరపడింది. ఆ ఐజీఈని పట్టి బంధించేందుకు తయారు చేసిన మరొక ప్రతిరక్షకమే ఒమాలిజుమాబ్ అనే సూదిమందు. 2003లో అమెరికాలో ఉబ్బసానికీ, 2014లో పన్నెండేండ్లు నిండినవారి దీర్ఘకాలిక దద్దుర్లకూ దీనికి అనుమతి లభించింది.

మన ఊరి పేరుకు అర్థం ఆనకట్టయే గదా! ఈ మందు పనియూ అటువంటిదే. రక్తంలో తిరిగే ఐజీఈ మాస్ట్ కణాలను చేరకముందే దానిని అడ్డుకొంటుంది.

అయితే అందరికీ ఒకే ఫలితం రాదు. 2013లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 323 మంది పాల్గొన్నారు. నాలుగు వారాలకొకసారి 300 మిల్లీగ్రాములు పొందినవారిలో పన్నెండు వారాలకు 44 శాతం మందికి దద్దుర్లూ దురదా పూర్తిగా పోయినవి. మందులేని సూది పొందినవారిలో 5 శాతానికే అట్లా జరిగింది. తక్కినవారి సంగతి ఏమిటి? ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలమంటున్నారు వైద్యులు. రక్తంలో ఐజీఈ మరీ తక్కువగా ఉన్నవారికి మేలు తక్కువగానో, ఆలస్యంగానో కలుగుతుంది. అట్టివారిలో పలువురికి ఐజీజీ అనే వేరొక ప్రతిరక్షకం నేరుగా కణాల ద్వారాలనే తట్టి లేపుతుంది. ఐజీఈ ఎక్కువగా ఉన్నవారికి గుణం త్వరగా కనబడుతుంది. మందు ఆపితే జబ్బు తిరగబెట్టడమూ త్వరితమే. తొలి సూది తరువాత నాలుగు వారాలకు మొత్తం ఐజీఈ కనీసం రెట్టింపు అయితే అది శుభసూచన. తగ్గవలసినది పెరగడమేమిటని సందేహించకండి. మందుతో బంధింపబడిన ఐజీఈ రక్తంలో ఎక్కువకాలం నిలిచి ఉండడమే అందుకు కారణం. కడుపులో పురుగులున్నా ఐజీఈ పెరుగుతుంది కనుక, మన ప్రాంతాలలో ఆ అంకెను ఒంటరిగా చూచి నిర్ణయించరాదు.

ముఖ్యమైన మాట ఇది. సూచన వేరు, తీర్పు వేరు. పరీక్షలో అంకె బాగులేదని మందు నిరాకరించరాదు. కొందరికి ఒక నెలలోనే ఉపశమనం కలిగితే మరికొందరికి ఆరు నెలలదాకా ఓపిక పట్టవలసి వస్తుంది. దీనికి ముందు మత్తు కలిగించని హిస్టమిన్ నిరోధక మాత్రలను, అవసరమైతే వైద్యుని సలహాపై నాలుగు రెట్ల వరకు పెంచి చూస్తారు. సూది ఖరీదైనది, అప్పుచేసి తొందరపడేముందు ఆ మెట్టు దాటినదా అని అడిగి తెలుసుకొనండి.

1900లో ఐడా స్కడర్ ఒకే పడకతో ప్రారంభించిన వైద్యశాల నేడు వేలూరులో మహావృక్షమై నిలిచినది. అంత చేరువలో వైద్యమున్న మనకు నాటుమందులతో కాలక్షేపం చేయవలసిన పని లేదు. వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకొని వెళ్లండి. రోజూ దద్దుర్లకు సున్న నుంచి మూడు, దురదకు సున్న నుంచి మూడు మార్కులు వేయండి. వారానికి గరిష్ఠం 42. మార్కులు తగ్గితేనే ఆనందించవలసిన పరీక్ష ఇదొక్కటే! పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం పుస్తకం వదలి తక్షణం ఆసుపత్రికి పరుగెత్తండి.

సహోపాధ్యాయులారా! జోస్యం మన వృత్తిలోనూ ఉన్నది. జూన్ నెలలోనే ఈ బిడ్డ గట్టెక్కడని రాసిపెడతాము. ఆ గుర్తింపు బిడ్డకు అధిక శ్రద్ధ చూపడానికి ఉపకరించాలి గాని, వెనుక బల్లకు పంపడానికి కాదు. కొందరు నెలలో అందుకొంటారు, కొందరికి ఆరు నెలలు కావాలి. ఆనాడు ఆ బాలికకు నేనీ న్యాయం చేయలేదు. ఈ పాఠశాలలో ఏ బిడ్డకూ దద్దుర్ల పేరిట ఒంటరి బల్ల ఉండదని ఈ శుభదినాన మాట ఇస్తూ సెలవు తీసుకొంటున్నాను.