బీరువాలో ఉత్తర్వు వాడకు రావాలి



సర్కారు బడికి ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి. హెడ్మాస్టరు సంతకం పెట్టి బీరువాలో పెడతాడు. మాలపల్లె దాకా, మాదిగవాడ దాకా రావు. పంతులుగా ఆ బీరువా పక్కనే కూర్చునేవాణ్ణి, అందులో ఏముందో చెప్పటానికి వచ్చాను.

మధ్యాహ్న భోజనం ఎవరి దయా కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్ళలో వండిన అన్నం పెట్టమంది. 2004 ఏప్రిల్ 20న వంటపనిలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇమ్మంది. మనామె వండితే మా పిల్లలు తినరని ఆమెను పొయ్యి దగ్గర్నుంచి లేపితే, కోర్టు మాటను కాలదన్నినట్టే.

ఇక బడి కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం నూటికి 75 వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. మన పిల్లల లెక్కకు తగ్గట్టు మనోళ్ళు. బడికొచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో చూసే పని ఆ కమిటీదే. వేలిముద్ర వేసి రావటానికి కాదు మనం పోయేది.

తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లలకు కేంద్రం స్కాలర్‌షిప్పు 2012 నుంచి ఉంది. కుల, ఆదాయ సర్టిఫికెట్లు లేకపోతే అక్కడే ఆగిపోద్ది.

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే వాడకు ఐదుగురు తల్లులు కదలండి. మూడే అడగండి: వంట ఎవరిది? కమిటీలో మనోళ్ళెవరు? స్కాలర్‌షిప్పుకు ఎన్ని పేర్లు పోయినయ్? జవాబు రాతలో అడగండి. నోటిమాట గాలికి పోద్ది, కాగితం నిలబడుద్ది.