బూడిద దిబ్బ దగ్గర మొదటి పాఠం

ఈ స్మారకోపన్యాసం ఏ ఆచార్యుడి పేరిట ఏర్పాటైందో, ఆయన దగ్గర చదివినవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఆయన పుస్తకాలు కావు, పెన్సిలు. కుండపెంకులను సంచిలో వేయించి, లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెట్టించేవారు. రెండూ పెన్సిలుతోనే రాయాలి. తడిస్తే సిరా కారిపోతుంది, ఆ తర్వాత ఆ పెంకు ఏ పొరలోదో చెప్పగలిగేవారుండరు. ఆయన పాండిత్యం గురించి శిష్యులు ఇప్పటికే చాలా రాశారు. ఈ గౌరవానికి కృతజ్ఞతలు చెప్పుకుని, ఎంతోకాలంగా వాదిస్తున్న ఒక విషయానికే వక్త మిగతా సమయమంతా కేటాయిస్తున్నారు.

పొరల క్రమం, పెంకుల వర్గీకరణ, కార్బన్-14 పురావస్తు శాస్త్ర విద్యార్థులకు తెలియనివి కావు. 1945లో అరికమేడులో, 1947లో బ్రహ్మగిరిలో మార్టిమర్ వీలర్ తవ్విన తీరు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. పేచీ అంతా వరుసతోనే. మన తరగతుల్లో పాఠం తవ్వకంతో మొదలవుతుంది. నేల మీద నడవడంతో మొదలుకావాలన్నది వక్త వాదన. ఎక్కడ తవ్వాలో నిర్ణయించినప్పుడే జవాబులో సగం తేలిపోతుంది.

దీనికి నవీన శిలాయుగపు బూడిద దిబ్బలను మించిన ఉదాహరణ లేదు.

పాత మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల నుంచి రాయచూరు, బళ్లారి దాకా ఇలాంటివి వందకు పైగా నమోదయ్యాయి. బళ్లారి దగ్గర కుడితినిలోని దిబ్బను హిడింబాసురుణ్ణి భీముడు దహనం చేసిన బూడిదగా చెప్పుకునేవారు. లోపల గాజుకట్టిన గడ్డలు దొరకడంతో కొందరు పండితులు ఇనుము కరిగించిన కొలుముల చిట్టెమనుకున్నారు. అది పశువుల పేడ బూడిదేనని బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే అన్నారు. 1960లో జాయినర్ ప్రయోగశాలలో పరీక్షించి దాన్ని రుజువు చేశారు. గడ్డి తిన్న పశువు పేడలో సిలికా ఉంటుంది. పెద్ద మంటలో అది కరిగి, చల్లారి గాజులా గట్టిపడుతుంది.

1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) తవ్వారు. దడి కట్టిన గుంజల గుంతలు, ఒకదానిమీద ఒకటిగా కాలిన పొరలు, వాటిలో గిట్టల అచ్చులు బయటపడ్డాయి. దడి కాలింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది. అక్కడి బొగ్గుకు కార్బన్ తేదీలు వచ్చాక, వీలర్ క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో మొదలుపెట్టిన దక్షిణాది రాతిగొడ్డళ్ల సంస్కృతి మూడో సహస్రాబ్దికి వెళ్లింది. ఇంత పెద్ద సవరణ పేడ బూడిదలోంచి వచ్చిందని మన విద్యార్థులకు ఎవరు చెబుతున్నారు?

అయితే ఆల్చిన్ 1963 నాటి పుస్తకం దిబ్బలను ఊళ్లకు ఎడంగా ఉన్న పశువుల దొడ్లుగా చూసింది. పాఠాల్లో ఆ మాటే నిలిచిపోయింది. 1990ల్లో కాట్రగడ్డ పద్దయ్య శోరాపూర్ ప్రాంతంలోని బూదిహాళ్‌లో దిబ్బ చుట్టూ ఉన్న నేలను కూడా తవ్వారు. ఇళ్లు, చకుముకి పనిముట్లు చెక్కిన చోటు, పశువులను కోసిన చోటు దొరికాయి. మనుషులు దిబ్బను ఆనుకునే బతికారు. ఒక్క బూదిహాళ్‌ను పట్టుకుని అన్ని దిబ్బల గురించీ చెప్పకూడదని ఆక్షేపించేవారున్నారు. నిజమే. ఉట్నూరును పట్టుకుని చెప్పడమూ అంతే తప్పు. ప్రతి దిబ్బ చుట్టూ నడిచి చూడందే ఏదీ తేలదు.

అసలు చిక్కు మంట గురించి. ఆల్చిన్ దాన్ని హోలీ, దీపావళి, పొంగల్ వంటి పండుగలతో పోల్చారు. 2004లో పీటర్ జొహాన్సెన్ దిబ్బలను కావాలని ఎత్తుగా పెంచిన స్మారక కట్టడాలుగా చదివారు. రోగాలు రాకుండా, దోమలు చేరకుండా దొడ్డిని కాల్చి ఉండొచ్చన్నది ఇంకో మాట. వక్త దృష్టిలో ఈ మూడింటిలో దేన్నీ ఒక్క దిబ్బ గోడ తేల్చలేదు. ఏ రుతువులో కాల్చారో తెలియనిదే పండుగ పేరెత్తకూడదు. దానికి ఆధారం గింజల్లో దొరకొచ్చు. మట్టిని నీళ్ల తొట్టిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. సన్నని జల్లెడతో వాటిని పట్టి నీడలో ఆరబెడతారు. డోరియన్ ఫుల్లర్ ఈ పద్ధతిలోనే ఇక్కడి నవీన శిలాయుగపు పంటల్లో అండుకొర్రలు, ఉలవలు, పెసలు గుర్తించారు. తాపీకి తగలని ఆధారాలివి. మట్టిని పారబోసే తవ్వకంలో ఇవి శాశ్వతంగా పోతాయి.

అవి పోయే దారులు తవ్వకాలకే పరిమితం కాదు. దిబ్బ మట్టిని పొలాలకు ఎరువుగా తోలుకుపోతున్నారు, పక్క గుట్టలను రాతి కోసం పగలగొడుతున్నారు. అందుకే వక్త ఇప్పుడు ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థులతో ఒక సర్వే మొదలుపెట్టారు. చేతిలో గ్రామ నక్షా, సర్వే నంబరు, జీపీఎస్. దిబ్బ నుంచి నాలుగు దిక్కులా నడవాలి, పెంకు కనిపించిన చోట గుర్తు పెట్టాలి కానీ ఏరకూడదు, అక్కడ మేపే గొల్లలను నీళ్లెక్కడ నిలుస్తాయో అడగాలి. నక్షా ప్రతులు గ్రామ పంచాయతీకి ఒకటి, పురావస్తు శాఖకు ఒకటి అందుతాయి. ఈ స్మారకోపన్యాస నిధి వడ్డీలో కొంత ఆ విద్యార్థుల బస్సు ఛార్జీలకు, జల్లెడలకు ఇవ్వాలని వక్త ఈ వేదిక మీదనే కోరుతున్నారు. వానలు మొదలయ్యేలోగా కృష్ణా, తుంగభద్రల మధ్య దిబ్బలన్నీ ఒకసారి నడిచి రావాలి.