ఆపరేషను పిదప నొప్పి నివారణ: రెండు మందుల కలయిక

పంచాయతీ సభ్యులారా,

గ్రామములో ఎవరికైనను పెద్ద ఆపరేషను చేయవలసి వచ్చినపుడు ఆ కుటుంబమువారు తొలుత సలహా అడుగునది మిమ్ములనే. వెంట ఆసుపత్రికి వచ్చువారును తరచుగా మీరే. కావున ఆపరేషను పిదప నొప్పి తగ్గించుటకు వీపున అమర్చు సన్నని గొట్టమును గూర్చి మీకు మనవి చేయదలచితిమి.

నొప్పి నోర్చుకొనుట పౌరుషమని మనలో ఒక భావము కలదు. పొట్ట పైభాగమునగాని, ఛాతీపైగాని పెద్ద కోత పడిన రోగికి ఈ ఓర్పు హానికరము. నొప్పికి వెరచి అతడు నిండుగా ఊపిరి తీయడు, దగ్గడు. కళ్ళె లోపలనే నిలిచి న్యుమోనియాకు దారితీయును.

వెన్నుపామును కప్పియున్న పొరలకు వెలుపల కొంత చోటు కలదు. దానిని ఎపిడ్యూరల్ స్థలమందురు. 1921లో స్పెయిన్ దేశపు సైనిక వైద్యుడు ఫిదెల్ పాజెస్ నడుము భాగమున ఈ చోటికి మందెక్కించి ఆపరేషనులు చేయు పద్ధతిని ప్రకటించెను. ఆ మందు నరములను మొద్దుబార్చునట్టిది. నల్లమందునుండి తీయు మార్ఫిన్‌ను గూడ అక్కడ ఇచ్చి నొప్పి తగ్గింపవచ్చునని 1979లో వైద్యులు వెల్లడించిరి.

ఈ రెండును వేరువేరు చోట్ల పనిచేయును. బ్యూపివకెయిన్ వంటి మందు, కాలువకు తూము మూసినట్లు, నొప్పి కబురును మోయు నరమునే అడ్డగించును. మార్ఫిన్, ఫెంటనిల్ వంటివి వెన్నుపాములో ఆ కబురు అందుచోట దాని బలము తగ్గించును. మొదటిది ఒక్కటే ఎక్కువగా ఇచ్చినచో కాళ్లు బరువెక్కును, రక్తపు పోటు పడిపోవును. రెండవది ఒక్కటే ఇచ్చినచో పడుకొన్నపుడు నొప్పి తగ్గినను దగ్గినపుడు తగ్గదు. మోతాదు పెంచినకొలది మగత పెరిగి శ్వాస మందగించును. కలిపినపుడో, ఒక్కొక్కటి కొద్దిగా చాలును. వాడుకలోనున్న ఒక మిశ్రమములో బ్యూపివకెయిన్ నూటికి 0.1 వంతు, మిల్లీలీటరుకు ఫెంటనిల్ 2 మైక్రోగ్రాములు మాత్రమే. దురద, మూత్రము బిగియుట మాత్రము అప్పటికిని కలుగవచ్చును.

నల్లమందు పేరు వినగానే వ్యసనమగునేమోయను భయము సహజమే. రెండు మూడు దినములు కొలతతో ఇచ్చు మందువలన అట్టి ప్రమాదము చాల తక్కువ. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమును 2014లో సవరించి, ఇట్టి మందులు ఆసుపత్రులకు సులభముగా లభించుటకు వీలు కల్పించిరి.

నిజముగా భయపడవలసినది కనిపెట్టుకొని యుండువారు లేకపోవుటకు. రోగి పిలిచినను పలుకనంత మగతలోనున్నచో హాయిగా నిద్రించుచున్నాడని బంధువులు సంతోషింపరాదు. తక్షణమే నర్సును పిలువవలెను. నాలోక్సోన్ అను విరుగుడు కలదు, కాని వేళకు ఇచ్చిననే ఫలము. వైద్యుడు చెప్పని నిద్రమాత్రలుగాని, సారాగాని ఇయ్యరాదు. వెన్నులో కొత్త నొప్పి పుట్టినను, గొట్టము తీసిన పిదపనైనను కాళ్ల పట్టు తప్పుచున్నను వెంటనే చెప్పవలెను. అరుదుగానైనను రక్తమో, చీమో చేరి వెన్నుపామును నొక్కవచ్చును. ఆలస్యమైనచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును.

ఈ గొట్టము అందరికి అక్కరలేదు. చిన్న రంధ్రములద్వారా చేయు ఆపరేషనులకు సాధారణముగా మాత్రలు, సూదిమందులు చాలును. రాత్రి శ్వాసను చూచు సిబ్బంది లేనిచోట ఇది పెట్టకుండుటయే మేలని మా అభిప్రాయము. ఆ సంగతి ముందే అడుగుడు. గుండెజబ్బుకో, పక్షవాతమునకో రక్తము పలుచబరచు మందులు వాడుచున్నవారి చీటీలను మరువక వెంట తెచ్చి వైద్యునకు చూపుడు.