సౌఖ్యం – ఆరోగ్యం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. మేము డాక్టర్లం కాము. వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తులు చదివే పని మాది. మోకాళ్ళ నొప్పులు, సుగరు, బి.పి., తుంటి ఎముక విరగడం – ఆ కాగితాల్లో ఇవే మళ్ళీ మళ్ళీ కనబడతాయి. అయితే ఈ రోజు కాగితాల సంగతి కాదు, మా ఇంటి సంగతి చెప్పదలచాము. మీ ఇళ్ళలోనూ ఇదే జరుగుతూ ఉండవచ్చు.

మా దాదీమా పాత పెంకుటింట్లో ఉన్నన్నాళ్ళూ తెల్లవారకముందే లేచేవారు. నూతిలో చేద వేసి నీళ్ళు తోడడం, వాకిలి ఊడవడం, రోట్లో పచ్చడి నూరడం, దస్తర్‌ఖాన్ పరచి అందరికీ వడ్డించి తాము కూడా నేల మీద కూర్చొని తిని లేవడం – రోజుకు ఎన్నిసార్లు వంగేవారో, ఎన్నిసార్లు లేచేవారో ఎవరూ లెక్కపెట్టలేదు. తరువాత మేము ఫ్లాటుకు మారాము. లిఫ్టు, మిక్సీ, వంటగట్టు దగ్గరే కుళాయి, డైనింగు టేబులు. "ఇన్నేళ్ళు కష్టపడ్డారు, ఇక మీరు కూర్చోండి దాదీమా" అన్నాము. మంచినీళ్ళు కూడా చేతికే అందించాము. రెండేళ్ళు తిరక్కుండానే, సోఫాలోంచి లేవాలంటే ఆవిడకు మా చెయ్యి కావలసి వచ్చింది. డెబ్బై దాటాయి కదా, వయసు అనుకున్నాము. వయసు ఒక కారణమే, కాదనం. కాని పెరిగిన వయసు రెండేళ్ళే. పోయిన బలం చూస్తే పదేళ్ళది పోయినట్టుంది.

కూర్చొని ఉండడం వల్ల వచ్చే నష్టం శాస్త్రజ్ఞుల కంట పడి చాలా కాలమైంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరుగారు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. హైదరాబాదులో అటువంటి బస్సులు ఎక్కినవారు ఈ సభలో ఉంటారు, కండక్టరు అవస్థ ఎరుగుదురు. డ్రైవరు పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువ కనబడింది. మెట్లు ఒక్కటే కారణమా అన్న అనుమానం మోరిస్‌గారికే వచ్చి, యూనిఫారం పంట్లాముల నడుము కొలతలు తెప్పించి చూశారు. అన్ని వయసుల్లోనూ డ్రైవర్ల నడుమే లావని 1956లో తామే బయటపెట్టారు. తన మాటను తానే పరీక్షించుకొనే ఇటువంటి మనిషి చెబితే నమ్మబుద్ధి వేస్తుంది. ఆ తరువాత జరిగిన ఎన్నో పరిశోధనలు కూడా, కదిలే ఒంటికే గుండెజబ్బు ముప్పు తక్కువని చూపాయి.

ఇంకొకటి చూడండి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ళ ఆరోగ్యవంతులైన యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. శ్రమ చేసేటప్పుడు ప్రాణవాయువును వాడుకొనే శక్తి వారిలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ళ తరువాత ఆ ఐదుగురినే పిలిచి మళ్ళీ పరీక్షించారు. 30 ఏళ్ళ వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. జ్వరం తగ్గినా "ఇంకో పది రోజులు పడుకోండి" అని పెద్దవాళ్ళను మనం బలవంతం చేస్తామే, అప్పుడు ఈ సంగతి గుర్తుకు రావాలి.

ఒళ్ళు మహా పొదుపరి. వాడని దాన్ని పోషించదు. బరువు పడితే ఎముకలోని కణాలు పసిగట్టి ఎముకను గట్టిపరుస్తాయి, పడకపోతే ఉన్న సున్నాన్నీ వదిలేస్తాయి. కండరం పనిలో కాస్త అలిసి, నిద్రలో మరమ్మతు చేసుకొని, మునుపటికన్నా బలపడుతుంది. టీకా అన్నా ఇలాంటిదే. బలం తీసేసిన క్రిమిని ముందుగా చూపించి ఒంటికి సాము నేర్పడమే కదా!

ఇక్కడ ఒక్క మాట. ఇది అందరికీ చెప్పే మాట కాదు. తోపుడు బండి తోసేవారు, బస్తాలు మోసేవారు, రోజంతా మిషను మీద వంగి కుట్టేవారు మన సభ్యుల్లో ఎందరో ఉన్నారు. ఇంకా శ్రమపడండని వారికి చెప్పడం అన్యాయం, వారికి కావలసింది విశ్రాంతి. వడ్డీ భయంతో నిద్రపట్టని మనిషికి ఆ ఒత్తిడి ఏ బలమూ ఇవ్వదు. కూరలో ఉప్పు లాంటిది శ్రమ. కొంచెం చాలు, వెనుక విశ్రాంతి ఉండాలి. గుండెనొప్పి, ఆయాసం ఉన్నవారు డాక్టరును అడక్కుండా ఏదీ మొదలుపెట్టరాదు. సుగరుకు ఇన్సులిన్ వేసుకొనేవారు రంజాను రాకముందే డాక్టరును కలవాలి.

పోయిన బలం తిరిగి వస్తుందా? మాకు ధైర్యం ఇచ్చినది బోస్టన్‌లో జరిగిన ఒక ప్రయత్నం. వృద్ధుల సంరక్షణాలయంలో ఉన్న, బాగా నీరసించిన, సుమారు 90 ఏళ్ళ వయసువారు పదిమంది. వారిచేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఒకరు మధ్యలో మానుకున్నారు. మిగిలిన తొమ్మిదిమందికీ కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లు దాటింది! 1990లో ఈ ఫలితం ప్రకటించినప్పుడు డాక్టర్లే ఆశ్చర్యపోయి ఉంటారు. తొంభై ఏళ్ళ కండరం కూడా పని చెబితే వింటుందన్నమాట.

మేము ఫిజియోథెరపీ తెలిసిన ఒక అమ్మాయిని అడిగి, ఆమె చెప్పినట్టే మొదలుపెట్టాము. గోడకు ఆనించిన కుర్చీ, పక్కన ఒకరు. దాదీమా అందులోంచి లేచి నిలబడాలి, మళ్ళీ మెల్లగా కూర్చోవాలి. మొదటి రోజు మూడుసార్లకే చాలన్నారు. "ముసలిదాన్ని సతాయిస్తున్నారు" అని మా అబ్బాతో ఫిర్యాదు కూడా చేశారు. నెల గడిచేసరికి ఎనిమిదికి వచ్చారు. వెల్లుల్లి ఒలిచే పని, బాల్కనీలో కుండీలకు నీళ్ళు పోసే పని తిరిగి ఆవిడకే అప్పగించాము. దస్తర్‌ఖాన్ మళ్ళీ నేల మీద పరుస్తున్నాము. ఆవిడ మాత్రం ఇంకా కుర్చీలోనే కూర్చుంటున్నారు, నేల దాకా రాలేదు. మొన్న మా చెల్లెలు అలవాటుకొద్దీ చేతిలోని నీళ్ళ చెంబు అందుకోబోతే, "నాకు చేతులు లేవటే?" అని కసిరి ఆవిడే పట్టుకెళ్ళారు.