దయ పొందినవారికి గుర్తు ఏది?



ఇల్లు, ఉద్యోగం, వీసా వస్తే దేవుని దయ అని సాక్ష్యం చెప్తాం. కృతజ్ఞత మంచిదే. మరి అవి రానివారి మీద దేవునికి దయ లేదా?

లూకా మొదటి అధ్యాయంలో దూత మరియను దయాప్రాప్తురాలన్నాడు. ఆమెకు సత్రంలో చోటు కూడా దొరకలేదు. అయినా ఆమె ఆకలిగొన్నవారి పక్షాన పాడింది. దయతోపాటు పని కూడా వస్తుంది.

మన నీలం నగర్ సంగతే చూద్దాం. తెలంగాణ నుంచి బతుకుదెరువుకు వచ్చిన మనవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేశారు. తల్లులు బీడీలు చుట్టారు. తెలుగువాడైన ఆడం నర్సయ్య నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి పోరాడితే, కుంభారిలో 2006లో బీడీ కార్మికులకు 10,000 ఇళ్లు వచ్చాయి. 2024 జనవరిలో రేనగర్‌లో మరో 15,000 ఇళ్లు ప్రారంభమయ్యాయి. ఆ పోరాటంలో మన సంఘాలు ఎక్కడ నిలిచాయి? మనల్ని మనం అడుగుదాం.

కోత కోసిన కూలి మొర దేవుని చెవిని చేరుతుందని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం హెచ్చరిస్తుంది. చదువుకున్న పిల్లలారా, మీ చదువే మీకు దొరికిన దయ. ఈ వారం మన వీధిలో ఒక బీడీ కార్మికురాలి పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిపెడదాం. వచ్చే ఆదివారం ఆ సాక్ష్యం చెప్పుకుందాం. ఆమేన్.