గదుమకు దెబ్బ, చెవిముందర కీలు



ఈ పూట నేను పిల్లల దవడకీలును గూర్చి ముచ్చటింపదలచితిని. మీ వ్రేలిని చెవికి ముందు ఆనించి నోరు తెరచి మూయుడు. వ్రేలిక్రింద కదలునదే ఆ కీలు. క్రింది దవడయెముక కొన గుండ్రని తలవలె నుండి కపాలమందలి పల్లములో నిమిడియుండును. రెంటికి నడుమ మెత్తని బిళ్ళ యొకటి కలదు. పసితనమున దవడ సరిగ పెరుగుటకు ఈ కీలు క్షేమముగ నుండవలయును.

పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము ప్రాంతములు కార్ఖానాలతో నిండినవి. బొంబాయి రస్తా పొడవునను వాహనములే. మోటారుసైకిలు ముందుభాగమున కూర్చుండబెట్టిన బిడ్డయు, అద్దెగదుల మెట్లపై ఆడు బిడ్డయు పడినప్పుడు తరచుగ గదుమయే నేలకు తాకును. చర్మము చీలును, కుట్లు వేయుదురు, పదిదినములకు గాయము మానును, అందరును మరతురు.

సంగారెడ్డిలో ఒక తాతగారు నన్ను, “గదుమకు దెబ్బ తాకితే చెవికాడ ఫొటో ఎందుకు, డాక్టరుసాబ్?” అని యడిగిరి. మంచి ప్రశ్న. గొడ్డలి బిగించుటకు కామ అడుగును రాతిపై కొట్టుదుము గదా! దెబ్బ క్రింద తగిలినను దాని బలము పైనున్న గొడ్డలికి చేరును. అట్లే గదుమ దెబ్బ యెముకవెంట ప్రాకి చెవిముందరి కీలుతలను విరుగగొట్టవచ్చును. కీలులో నెత్తురు చేరును. నొప్పికి వెరచి బిడ్డ నోరు కదల్పడు. కొందరిలో నెలలు గడచునప్పటికి ఎముక యెముకతో అతుకుకొనును. అప్పుడు నోరు తెరచుకొనదు. అన్నము నమలుట కష్టము. గదుమ ఒకవైపునకు ఒరుగును, లేదా వెనుకకు పోవును. నిద్రలో ఊపిరియు అడ్డుపడవచ్చును. చెవిలో ముదిరిన చీము వలనను ఈ కీడు కలుగవచ్చును. కీలు అతుకుకొన్న పిమ్మట శస్త్రచికిత్సయే గతి; అటుపైని నెలలకొలది నోటి వ్యాయామము చేయవలయును.

లోపలి సంగతి కంటికి కనబడదు గావున ఛాయాచిత్రము అవసరమగును. జర్మనీలో రంట్‌జెన్ పండితుడు 1895లో ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. సాధారణ చిత్రమున కపాలపుటెముకలు ఒకదానిపై నొకటి పడి కీలు మరుగగును. దవడ చుట్టును తిరిగి తీయు ఎక్స్‌రేలో కొంత తేటపడును. 1971లో ఇంగ్లండున హౌన్స్‌ఫీల్డుగారి యంత్రముతో మొదటి రోగికి తీసిన సి.టి. పరీక్ష, సొరకాయను చక్రములుగ తరిగినట్లు పొరపొరగ చూపును. విరుగుటయు, అతుకుటయు అందు తేటతెల్లము. ఎం.ఆర్.ఐ. అయస్కాంతముతో పనిచేయును, అందు ఎక్స్‌రే కిరణములు లేవు. మెత్తని బిళ్ళను, వాపును అది చూపును.

పదునారేండ్లలోపు బిడ్డకు మోకాలో మణికట్టో ఆరువారములకు మించి వాచియుండిన, అది పిల్లల కీళ్ళవాతము కావచ్చును. ఆ వ్యాధి నొప్పి తెలియనీయకయే దవడకీలును తినివేయగలదు. ఎముక అరిగిన తరువాతగాని ఎక్స్‌రేలో కనబడదు. మందు ఎక్కించి తీసిన ఎం.ఆర్.ఐ.లో ముందుగనే తెలియును.

ఐనను పడిన ప్రతిబిడ్డకును చిత్రములు తీయుమని పట్టుపట్టరాదు. ఎక్స్‌రే, సి.టి. కిరణములకు పసిదేహము సుకుమారము; ఏది అవసరమో వైద్యుడే నిర్ణయించవలయును.

మీరు చూడవలసినవి ఇవి: పండ్లు మునుపటివలె కలియుచున్నవా? చెవిముందర వాపు కలదా? చెవినుండి నెత్తురు వచ్చెనా? నోరు తెరచునప్పుడు గదుమ ప్రక్కకు పోవుచున్నదా? బిడ్డ తన మూడువ్రేళ్ళను నిలువుగ పండ్లనడుమ పెట్టుకొనగలడా? తేడాయున్నచో ఆనాడే చూపింపుడు. సంగారెడ్డిలో దంతవైద్య కళాశాల కలదు. 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలయు నెలకొన్నది. హైదరాబాదు అఫ్జల్‌గంజిలో ప్రభుత్వ దంతవైద్యశాల యున్నది. విరిగిన కీలునకు పసివారిలో చాలమారులు మెత్తని ఆహారమును, వైద్యుడు చెప్పిన దినమునుండి నోటి కదలికయునే చికిత్స. మీయంతట మీరు దవడను గుడ్డతో బిగించి కట్టకుడు.

ఇంట పెద్దలమాట చెల్లును. గాయము మానినదా యని యడిగి ఊరకొనక, నెలదినముల తరువాతను, ఆరునెలల తరువాతను బిడ్డను పిలిచి, “ఏదీ, నోరు తెరువుము” అనుడు. సెలవు.