నరముల పరీక్ష – పల్నాటివారి కర్తవ్యము

(నరసరావుపేటయందు జరిగిన సంఘ వార్షిక మహాసభలో చదివిన యుపన్యాసము)



మన మహాసభలయందు ఏటేట విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ప్రసంగములు జరుగుచున్నవి. ఈ యేడు మేము నరములు, కండరములు సరిగా పనిచేయుచున్నవో లేదో తెలిసికొను పరీక్షలను గూర్చి విన్నవింపదలచితిమి. మేము వైద్యులము కాము. అయినను మా బంధువర్గమున జరిగిన యొక సంగతి మమ్మీ వేదికపై నిలిపినది.

కొన్నియేండ్ల క్రిందట గురజాల ప్రాంతమున మా బంధువుల యింట నొక యువకునకు, విరేచనములు తగ్గిన పది దినములకు, పాదములయందు తిమ్మిరి ఆరంభమయ్యెను. రెండవనాడు మెట్లెక్కలేకపోయెను. నాల్గవనాటికి చేతులును పట్టుదప్పెను. ఒకరు గాలి సోకినదనిరి; ఒకరు పక్షవాతమనిరి. తాయెత్తు కట్టిరి, పసరు పోసిరి. మఱి రెండు దినములు చూచి పట్టణమునకు పోవచ్చునని చెప్పినవారిలో మేమును ఉంటిమి. ఆఱవనాడు ఊపిరి అందక రొప్పుచుండగా గుంటూరునకు కొనిపోయితిమి. వైద్యులు మోకాటిచిప్ప క్రింద చిన్నసుత్తితో తట్టిచూచి, జాగుసేయక చికిత్స మొదలిడి, పిమ్మట నరముల పరీక్ష జరిపి, ఇది గిలేన్-బారే యను నరముల వ్యాధియని నిర్ధారించిరి. అతడు బ్రతికెను. కాని శ్వాసయంత్రముపై వారములు గడపవలసివచ్చెను. నేటికిని పాదములు పూర్తిగా స్వాధీనము కాలేదు. ఆ వృథాయైన దినములలో మా పాలు కలదు. సభాముఖమున ఈ మాట చెప్పుటకు మేము సిగ్గుపడుటలేదు. చెప్పక దాచుటకే సిగ్గుపడుచున్నాము.

పక్షవాతము సాధారణముగా దేహమున నొక ప్రక్కకు హఠాత్తుగా వచ్చును. ఈ వ్యాధి తఱచు రెండు కాళ్లయందును మొదలై దినదినము పైకి ప్రాకును. గిలేన్, బారే, స్ట్రోల్ అను ఫ్రెంచి వైద్యులు 1916లో దీనిని వర్ణించిరి. 2025 ఆరంభమున పూణె ప్రాంతమున పెక్కుమందికి ఇది సోకినపుడు మన పత్రికలును దీనిని గూర్చి వ్రాసినవి.

ఇక పరీక్షల సంగతి. సాగరు కుడికాలువ క్రింద సేద్యము చేయువారికి ఒక పోలిక చెప్పిన చాలును. చివరి చేనికి నీరందనిచో రైతేమి చేయును? జలాశయమున నీరు తగ్గినదా, కాలువకు గండిపడినదా, తూము మూసికొన్నదా, చేనే చెడినదా యని వరుసగా చూచును. మెదడును వెన్నుపామును జలాశయము; నరము కాలువ; నరము కండరముతో కలియు చోటు తూము; కండరము చేను. వీనిలో దేనియందు లోపము కలిగినను కాలు బలహీనపడును. కాని చికిత్స వేఱువేఱు. దోషమెచ్చటనో చూపునవే యీ పరీక్షలు.

మొదటిది కాలువ పరీక్ష. చర్మముపై చిన్నబిళ్లలనంటించి, నరముపై నొక చోట స్వల్పవిద్యుత్తు తగిలించి, ఆ వార్త కండరమును ఎంతసేపటికి చేరెనో యంత్రముతో కొలుతురు. ఆరోగ్యవంతుడగు పెద్దవానికి చేతి నరములలో ఈ వేగము సుమారు సెకనుకు 50 మీటర్లకును, కాలి నరములలో 40 మీటర్లకును తగ్గదు. నరముపై తొడుగు చెడినచో వేగము తగ్గును. లోని తీగయే చెడినచో వేగము కంటె స్పందన చిన్నదగును. రెండవది తూము పరీక్ష. నరమును వెంటవెంటనే పలుమాఱులు ప్రేరేపించి, కండరము అలసి స్పందన క్షీణించునో లేదో చూతురు. మూడవది చేని పరీక్ష. సన్నని సూదిని కండరమున గ్రుచ్చుదురు. ఆ సూదినుండి విద్యుత్తు లోనికి పోదు. కండరమునందలి సహజవిద్యుత్తును అది గ్రహించి యంత్రమునకు చెప్పును.

వీనిని ‘కరెంటు పెట్టుట’ యని భయపడి పాఱిపోయినవారిని మేమెఱుగుదుము. చురుక్కుమనుట నిజమే, అది క్షణకాలము. పరీక్షకు పోవునపుడు కాళ్లుచేతులకు నూనె పూయరాదు. గుండెలో యంత్రము అమర్చుకొన్నవారును, రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారును ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఈ విద్య ఒక్కనాట పుట్టినది కాదు. 1791లో ఇటలీవాడగు గాల్వానీ కప్పకాలిపై తన ప్రయోగములను ప్రకటించెను. 1850లో జర్మనుడగు హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరమున వార్త పోవు వేగమును కొలిచెను. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో ఫిస్కేగారితో కలసి, కండరమున శక్తిని నిలువయుంచు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో వెల్లడించిరి. తెలుగువాని చేయి పడిన శాస్త్రమునకు తెలుగువారు వెఱవనేల?

పల్నాటికి ఈ జ్ఞానము మిక్కిలి యవసరము. మిరప, ప్రత్తి చేలపై మనము చల్లు పురుగుమందులలో కొన్ని తూమునే చెఱచును. అట్టి విషము సోకినవాడు మొదట తేఱుకొన్నట్లు కన్పడి, ఒకటి మొదలు నాలుగు దినముల లోపల మెడ, ఊపిరి కండరములు చచ్చుపడి ప్రమాదమున పడవచ్చునని 1987లో సింహళవైద్యులు తెలిపిరి. కావున ‘లేచి కూర్చుండెను గదా’ యని రోగిని తొందరపడి యింటికి తేరాదు. కట్లపాము కాటును తూమునే మూయును. గాటు కానరాకున్నను కనుఱెప్పలు వాలినచో ఏ పరీక్షకును ఆగక ఆసుపత్రికి పోవలెను. మధుమేహులకు పాదములు మండుటయు, కుష్ఠరోగమున చర్మమున స్పర్శ పోవుటయు కాలువ చెడిన గుర్తులు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు పెరిగి వెన్నుపామును, నరముల మొదళ్లను నొక్కునని నెల్లూరు మండల గ్రామములను పరిశోధించినవారు 1937లోనే వెల్లడించిరి. మన మెట్టయూళ్లలో కొన్నింట ఆ నీరే కలదు.

ఒక హెచ్చరిక. పరీక్ష సర్వజ్ఞము కాదు. గిలేన్-బారే వ్యాధిలో తొలిదినములయందు యంత్రము దోషము లేదనియే చూపవచ్చును. యంత్రముకంటె ముందు వైద్యుని కన్నును, సుత్తియు పనిచేయవలెను. ఆ వైద్యుని కడకు రోగిని సకాలమున చేర్చుట మన పని.

గుంటూరు వైద్యకళాశాల 1946లో స్థాపింపబడినది. మాచర్లనుండి, కారెంపూడినుండి అచ్చటికి బస్సులు కలవు. కొఱవడినది దారి కాదు. నిర్ణయము, చేతిలో నాలుగు రూకలు, తోడువచ్చు మనుష్యుడు. కావున సంఘము ప్రతిగ్రామమున నొక యువకుని ఇందుకు నియమించి, దారిఖర్చుల నిమిత్తము చిన్న నిధి నేర్పఱుపవలెనని ప్రార్థించుచున్నాము. మా వంతు ధనమును ఈ దినముననే కోశాధికారిగారికి సమర్పించుచున్నాము.

కడపట నొక్క మాట. ఇది కులసభయే. కాని మన పల్నాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని వీరగాథ చెప్పుచున్నది. అర్ధరాత్రమున కాళ్లు చచ్చుపడిన మనుష్యుడు గుమ్మము ముందు నిలిచినపుడు మన యువకుడు అతని కులమడుగక బండి కట్టవలెను. ఆ నిధి యట్టిదైనచో మన సంఘమునకు కీర్తి. కానిచో అది ఉండియు లేనట్లే.